కస్టడీ కథల్లో కానిస్టేబులు

ఇబ్రహీంపట్నంలో ఒక ఆదివారం కొందరు యువరచయితలు కూర్చుని కథలు చదువుకున్నారు. వ్యాఖ్యానించమని నన్ను పిలిచారు. డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న ఒక కుర్రవాడు పోలీసు కస్టడీ మీద రాసిన కథ వినిపించాడు. కౌలు తగాదాలో ఇరుక్కున్న పేదరైతుని స్టేషన్‌కి తీసుకుపోతారు. రెండు రాత్రులు కొడతారు. కొట్టే కానిస్టేబులుకి ఎర్రటి కళ్ళు, బుర్రమీసాలు. నోట్లోంచి సారా వాసన. కథ పొడుగునా అతనికి పేరు లేదు. చదవడం పూర్తయ్యాక అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. వస్తువు మంచిది, దృక్పథం సరైనది, శిల్పం మీద కొంచెం శ్రద్ధ పెడితే చాలు అన్నాను. ఇలాంటి సభల్లో మనం అలవాటుగా అనే మాటలే అవి.

అప్పుడు వెనక వరసలోంచి ఒక కుర్రవాడు లేచాడు. "సార్, మా అన్న నిరుడు కానిస్టేబుల్ అయిండు. రెండేండ్లు పొద్దుగాల్నే చెరువు కట్ట మీద ఉరికిండు. కోచింగ్ ఫీజుకు మా అమ్మ పుస్తెలు కుదువ వెట్టింది. ఇంట్ల కోడిని కోస్తుంటే చూడలేక బయటికి పోయేటోడు మా అన్న. ఈ కథల ఉన్నోని తీర్గ వాడు ఎన్నేండ్లకైతడు సార్? ఎట్లయితడు? అది కథల ఎందుకు లేదు?" అని అడిగి కూర్చున్నాడు.

నేను రాజ్యాంగ యంత్రం గురించీ, వర్గస్వభావం గురించీ నాలుగు మాటలు చెప్పాను. అవి అబద్ధాలు కావు. కాని అతను అడిగిన దానికి జవాబులు కూడా కావు. ఆ సంగతి చెబుతున్నప్పుడే నాకు తెలుస్తూ వుంది. ఈ వ్యాసం ఆ జవాబు కోసం ఆలస్యంగా చేస్తున్న ప్రయత్నం.

ఆ ప్రశ్న ఇబ్రహీంపట్నంలో పుట్టడంలో ఆశ్చర్యం లేదు. సాగర్ రోడ్డు మీద వున్న ఈ ఊరి పరిసరాల్లోనే నేషనల్ సెక్యూరిటీ గార్డ్ ప్రాంతీయ కేంద్రం వుంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఏర్పడిన ఆక్టోపస్ కమాండో దళం స్థావరమూ ఇక్కడే వుంది. యూనిఫారం ఈ ప్రాంతపు పిల్లలకి దూరాన కనిపించే భయం మాత్రమే కాదు, దగ్గరగా కనిపించే బతుకుతెరువు కూడా. భూములు ప్లాట్లయిపోయి, సేద్యం చేజారిన ఇళ్ళలో పోలీసు ఉద్యోగం ఒక ఆశ. ఆ ఆశ పెట్టుకున్న కుటుంబాలు మన పాఠకులే. మన కథల్లో కస్టడీలో దెబ్బలు తినే రైతు కూడా ఆ కుటుంబాలవాడే. ఒకే ఇంట్లోంచి ఒకడు లాఠీ కిందికీ మరొకడు లాఠీ వెనక్కీ వెళ్ళే సమాజంలో కథకుడు ఒక్కణ్ణే చూస్తే, సగం సమాజాన్నే చూసినట్టు.

దీనికి ఒక అభ్యంతరం వస్తుందని నాకు తెలుసు. "కానిస్టేబులు మనసులోకి తొంగిచూడడం బూర్జువా మానవతావాదం. హింస రాజ్యం చేస్తుంది. కానిస్టేబులు దాని చెయ్యి మాత్రమే. చేతికి మనస్తత్వం ఎందుకు?" అంటారు. సూత్రం సరైనదే. కాని సూత్రం ఎక్కడ ఆగిపోతుందో అక్కడ కథ మొదలవాలి. పాలకవర్గాలు తమ చేతులని తమ ఇళ్ళలోంచి తెచ్చుకోవు, మన ఇళ్ళలోంచి తెచ్చుకుంటాయి. చెరువు కట్ట మీద పరిగెత్తిన కుర్రవాణ్ణి ఆ చెయ్యిగా ఎలా మారుస్తాయన్నది అచ్చమైన వర్గ సమస్య. దాన్ని వదిలేసి మీసాలు వర్ణించడమే అసలైన భావవాదం. మీసాల్లో పుట్టిన క్రూరత్వానికి చరిత్ర వుండదు, చరిత్ర లేనిదానికి మార్పూ వుండదు.

మన సాహిత్యం ఈ విషయంలో ఎంతవరకు వచ్చిందో చూద్దాం. వట్టికోట ఆళ్వారుస్వామి నిజాం కాలంలో తాను జైల్లో చూసినదాన్ని 'జైలు లోపల' కథలుగా రాశాడు. ఆయన పట్టించుకున్నది రాజకీయ ఖైదీల వీరత్వాన్ని కాదు, మామూలు నేరస్థుల్ని. మనిషి దొంగగా పుట్టడు, పరిస్థితులు అతన్ని దొంగని చేస్తాయి అన్నది ఆయన చూపు. ఇది చాలా పెద్ద అడుగు. అదే చూపుని కటకటాల ఇవతల నిలబడినవాడికి ఎందుకు వర్తింపజేయకూడదు? దొంగని తయారుచేసే పరిస్థితులు వున్నప్పుడు, కొట్టేవాణ్ణి తయారుచేసే పరిస్థితులు కూడా వుంటాయి కదా?

రావిశాస్త్రి ఆ దారిలో మనందరికంటే ముందుకు వెళ్ళాడు. విశాఖపట్నం కోర్టుల్లో ప్లీడరుగా పనిచేసిన మనిషి కాబట్టి, పోలీసు సాక్ష్యం ఎలా తయారవుతుందో ఆయనకి లోపలినుంచి తెలుసు. 'ఆరు సారా కథల్లో'ని 'మాయ' చదివినవాళ్ళెవరూ ముత్యాలమ్మని మరిచిపోలేరు. కోర్టులో నిజానికీ బయట నిజానికీ మధ్య వున్న అగాధం ఆ కుర్ర ప్లీడరుకి ఆమె నోటివెంటే తెలుస్తుంది. రావిశాస్త్రి పోలీసులు రాక్షసులు కారు. వాటాలకి, మామూళ్ళకి, పైవాడి భయానికి లొంగిపోయిన ఉద్యోగులు. పోలీసు వ్యవస్థ ఆర్థికశాస్త్రాన్ని ఆయన రాశాడు. దాని బోధనాశాస్త్రం రాయవలసిన బాధ్యత మనకి మిగిలింది.

వరవరరావు 'సహచరులు' ఖైదీ ఏకాంతాన్నీ ఎదురుచూపునీ రాసిన పుస్తకం. కె.జి. కన్నబిరాన్ '24 గంటలు' పేరు చూడగానే నాకు రాజ్యాంగం 22వ అధికరణం గుర్తొస్తుంది: అరెస్టు చేసిన మనిషిని ఇరవైనాలుగు గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. లాకప్ కథలన్నీ ఆ ఇరవైనాలుగు గంటల్ని దొంగిలించిన కథలే. ఖైదీ వైపునుంచి మన సాహిత్యం సంపన్నంగానే వుంది. కాపలావాడి వైపునుంచి ఆ గడియారాన్ని చూపించిన కథలు వెతుక్కోవాలి.

మన నేల మీద జరిగిన ఒక కస్టడీ కథని మనం తమిళం నుంచి తెలుసుకోవలసి వచ్చింది. 1983లో గుంటూరులో పొట్టపోసుకుంటున్న ఒక తమిళ యువకుణ్ణి దొంగతనం అనుమానంతో పోలీసులు పట్టుకుని రోజుల తరబడి హింసించారు. అతనే ఎం. చంద్రకుమార్. తర్వాత కోయంబత్తూరులో ఆటో నడుపుకుంటూ ఆ అనుభవాన్ని 'లాకప్' అనే నవలగా రాశాడు. దాని ఆధారంగా వెట్రిమారన్ తీసిన 'విసారణై' 2015లో వెనిస్ ఉత్సవంలో ప్రదర్శితమైంది. ఆ సినిమా మొదటి సగంలో దెబ్బలు తినేవాళ్ళు తమిళం మాట్లాడతారు, కొట్టేవాళ్ళు తెలుగు మాట్లాడతారు. అజంత భాష అని, తేనెలొలుకు భాష అని మనం మురిసిపోయే తెలుగు, అక్కడ అర్థంకాని దెబ్బల భాషగా వినిపిస్తుంది. తెలుగు రచయితలు ఆ సినిమాని ఒకసారి తెలుగు చెవులతో కాక ఆ కుర్రవాళ్ళ చెవులతో చూడాలి.

అసలు మన భాష ఈ విషయంలో ఎంత నేరం చేసిందో ఒక్క వాక్యం చాలు చెప్పడానికి. "పోలీసులు తమదైన శైలిలో విచారించగా నేరం అంగీకరించాడు." మన పత్రికల్లో ఈ వాక్యం అచ్చుకాని వారం వుండదు. శైలి! సాహిత్యశాస్త్రంలో మనం గౌరవంగా వాడుకునే మాట. తిక్కనది ఒక శైలి, గురజాడది ఒక శైలి, లాకప్పుది ఒక శైలి. ఈ వాక్యం రాసేవాడికి ఏం జరిగిందో తెలుసు, చదివేవాడికీ తెలుసు. ఇద్దరూ చిన్నగా నవ్వుకుంటారు. ఆ చిన్న నవ్వులోనే చట్టవిరుద్ధమైన పని సమాజామోదం పొందుతుంది. 'మర్యాద చెయ్యడం', 'కోటింగ్ ఇవ్వడం' కూడా ఇలాంటివే. శిక్షణకి వచ్చిన కుర్రవాడు ఈ మాటలు అకాడమీలో నేర్చుకోనక్కరలేదు. ఇంట్లో పేపరు చదువుతూ, అంతకుముందే నేర్చుకుని వుంటాడు. 'అంకుశం' (1989) మొదలు నిన్నమొన్నటిదాకా, చట్టాన్ని పక్కనబెట్టి కొట్టే ఇన్‌స్పెక్టరుకి చప్పట్లు కొట్టించిన మన సినిమాలు ఆ పాఠాన్నే బొమ్మలతో చెప్పాయి.

ఈ 'శైలి'కి వయసు ఎంత? మద్రాసు ప్రెసిడెన్సీలో ప్రజల్ని హింసిస్తున్నారన్న ఆరోపణల మీద ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం వేసిన కమిషన్ 1855లో నివేదిక ఇచ్చింది. ఆనాడు తెలుగు జిల్లాలు చాలావరకు ఆ ప్రెసిడెన్సీలోవే. రెండు కర్రల మధ్య వేళ్ళు పెట్టి నిమ్మకాయ పిండినట్టు పిండే 'కిట్టీ' గురించి ఆ నివేదికలో వుంది. దానికి తెలుగువాళ్ళు వాడే పేరు 'చీరట' అని కూడా రాశారు. హింస నేరవిచారణలోనే కాదు, శిస్తు వసూలులోనూ ఉపయోగపడింది. కార్ల్ మార్క్స్ 1857లో 'న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్'లో ఈ నివేదిక మీదే వ్యాసం రాశాడు. కమిషన్ దొరల్ని తప్పించి నెపమంతా కిందిస్థాయి దేశీయ ఉద్యోగుల మీదికి నెట్టింది. మార్క్స్ పట్టుకున్నది సరిగ్గా దాన్నే. పైన కూర్చున్నవాళ్ళకి శిస్తు కావాలి. అది ఎలా వస్తుందో వాళ్ళకి తెలియనక్కరలేదు. తప్పు బంట్రోతుది.

ఇప్పుడు మన విద్యార్థి కథలోకి తిరిగి వెళ్దాం. అక్కడ నేరమంతా ఎవరి మీద వుంది? పేరులేని కానిస్టేబులు మీద. రాజ్యాన్ని తీవ్రంగా ఖండిస్తున్నానని అనుకుంటూ మన కథకుడు, తెలియకుండానే, 1855 నాటి కంపెనీ కమిషన్ ఇచ్చిన తీర్పునే మళ్ళీ ఇచ్చాడు. దాన్ని మెచ్చుకున్న నేను ఆ తీర్పు కింద సంతకం పెట్టాను.

చట్టం తన పద్ధతిలో ఈ సంగతి గుర్తించింది. పోలీసు అధికారికి ఇచ్చిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదని 1872 సాక్ష్యచట్టంలోనే రాశారు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త సాక్ష్యచట్టం కూడా ఆ నియమాన్ని వుంచింది. 1996 డిసెంబరులో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు పదకొండు సూత్రాలు చెప్పింది. అరెస్టు చేసేవాళ్ళ పేర్లు కనిపించాలి; సమయం, తేదీ రాసిన అరెస్టు మెమో మీద సాక్షి సంతకం వుండాలి; ఇంట్లోవాళ్ళకి తెలపాలి; నలభై ఎనిమిది గంటలకొకసారి వైద్యపరీక్ష జరగాలి. 2020 డిసెంబరులో స్టేషన్లలో కెమెరాలు పెట్టమని ఆదేశించింది. మరోవైపు, హింసకి వ్యతిరేకమైన ఐక్యరాజ్యసమితి ఒడంబడిక మీద మన దేశం 1997లో సంతకం పెట్టింది, కాని ఇంతవరకు ధ్రువీకరించలేదు. 2010లో లోక్‌సభ ఆమోదించిన హింస నిరోధక బిల్లు చట్టం కాకుండానే మురిగిపోయింది. నియమం వుంది, దాన్ని నేర్పే పాఠమూ వుంది. మరి 2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు పోలీసు స్టేషన్‌కి దొంగతనం అనుమానంతో తెచ్చిన దళిత మహిళ ఎందుకు ప్రాణాలతో బయటికి రాలేదు? తర్వాత ఒక ఎస్సైనీ ఇద్దరు కానిస్టేబుళ్ళనూ ఉద్యోగాల నుంచి తీసేశారు. ఆ ఇద్దరూ ఎవరి తమ్ముళ్ళో, ఎవరి అన్నలో.

ఇలాంటిది జరిగిన ప్రతిసారీ వినిపించే మాట "శిక్షణ చాలలేదు" అన్నది. ఇరాక్‌లో అబూగ్రైబ్ జైలు ఫోటోలు 2004లో బయటపడ్డప్పుడు మేజర్ జనరల్ టగూబా నివేదిక కూడా అదే చెప్పింది: కాపలా సిపాయిలకి ఖైదీల నిర్వహణలో, జెనీవా ఒప్పందాల్లో తగిన శిక్షణ లేదు. ఆ మాట నిజమే. కాని శిక్షలు పడినవాళ్ళలో ఎక్కువమంది కిందిస్థాయి సిపాయిలే అన్నదీ నిజమే. బ్రిటిష్ సైన్యం కథ ఇంకా వింతైనది. ముసుగులు వెయ్యడం, గోడకి ఆనించి నిలబెట్టడం, నిద్రపోనివ్వకపోవడం వంటి అయిదు పద్ధతుల్ని ఉత్తర ఐర్లండు అనుభవం తర్వాత 1972లో ఆ ప్రభుత్వం నిషేధించింది. 2003లో బస్రాలో బహా మూసా అనే హోటలు ఉద్యోగి సైనికుల చేతుల్లో చనిపోయాడు. 2011లో వచ్చిన గేజ్ విచారణ నివేదిక తేల్చిందేమిటంటే, ఆ నిషేధం సైన్యం జ్ఞాపకంలోంచే జారిపోయింది. నిషేధాన్ని మరిచిపోయారు, పద్ధతుల్ని మరిచిపోలేదు! అంటే రెండు సిలబస్‌లున్నాయన్న మాట. ఒకటి కాగితం మీద వుంటుంది, దాన్ని మరిచిపోవచ్చు. రెండోది ఒంటి మీదుగా, చూపు మీదుగా, నవ్వు మీదుగా పాతవాడి నుంచి కొత్తవాడికి వెళుతుంది. దాన్ని ఎవరూ మరిచిపోరు.

ఈ రెండో సిలబస్ కోర్టులో బట్టబయలైన సందర్భం ఒకటుంది. గ్రీసులో 1967 నుంచి 1974 దాకా సైనిక నియంతృత్వం సాగింది. అది కూలిపోయాక, ఖైదీల్ని హింసించిన సైనిక పోలీసుల మీద 1975లో ఏథెన్సులో విచారణ జరిగింది. ముద్దాయిల్లో నిర్బంధ సైనికసేవకి వచ్చిన మామూలు కుర్రవాళ్ళు వున్నారు. చేరిన రోజునుంచే వాళ్ళని కొట్టారు, మోకాళ్ళ మీద నడిపించారు, అవమానించారు. తర్వాత ఖైదీల గదుల ముందు కాపలా పెట్టారు. తర్వాత అన్నం పట్టుకెళ్ళమన్నారు. తర్వాత కొడుతుంటే నిలబడి చూడమన్నారు. ఆఖరికి నువ్వూ ఒక దెబ్బ వెయ్యమన్నారు. మెట్లు మెట్లుగా దింపారు. ఏ మెట్టూ వెనకటి మెట్టు కంటే మరీ లోతుగా కనిపించదు. ఆ విచారణలో ఒక ముద్దాయి తండ్రి, పేదవాడు, తన కొడుకుని ఊళ్ళో అందరూ మంచివాడనేవాళ్ళనీ, అలాంటివాడు ఇలా ఎలా అయ్యాడో విచారించమనీ కోర్టుని వేడుకున్నాడు.

ఇబ్రహీంపట్నంలో ఆ కుర్రవాడు నన్ను అడిగింది ఇదే ప్రశ్న. అన్నకి ఇంకా ఏమీ కాకముందే అడిగాడు. తేడా అంతే.

ఇంతకంటే కష్టమైన విషయం ఒకటి చెప్పాలి. 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున, ఇదే రంగారెడ్డి జిల్లాలో షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, ఒక యువతిపై అత్యాచారం, హత్య కేసులో పోలీసు కస్టడీలో వున్న నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్‌పూర్కర్ కమిషన్, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని నిర్ధారించింది. నలుగురిలో ముగ్గురు ఆనాటికి మైనర్లని చెప్పింది. 2022లో నివేదిక బయటికి వచ్చేసరికి పూలు చల్లినవాళ్ళు వేరే పనుల్లో వున్నారు. ఆ డిసెంబరు వారంలో నాకు తెలిసిన కవులు కొందరు ఆ కాల్పుల్ని హర్షిస్తూ రాశారు. నేను హర్షించలేదు. ఖండిస్తూ ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఆ యువతికి జరిగిన ఘోరం కళ్ళముందు వుండగా ఈ మాట అంటే ఎవరేమనుకుంటారో అని వెనకాడాను. ఆ నేరం ఘోరమైనదే. ఘోరమైన నేరంలోనే కదా కస్టడీ నియమానికి పరీక్ష? మనకి నచ్చిన ఖైదీని కొట్టొద్దని అనడానికి సాహిత్యం అక్కరలేదు.

ఆ పూలు కూడా శిక్షణలో భాగమే. మెమో రాయమనీ, సాక్షి సంతకం తీసుకోమనీ తరగతి గదిలో నేర్చుకున్న కుర్రవాడు, రోడ్డు మీద పూలు ఎవరికి పడతాయో చూసి రెండో పాఠం నేర్చుకుంటాడు. ఆ పాఠం చెప్పిన ఉపాధ్యాయుల్లో మనమూ వున్నాం.

అయితే కథకుడు ఏం చెయ్యాలి? కానిస్టేబుల్ని క్షమించమని నేను అనడం లేదు. అర్థం చేసుకోవడం, క్షమించడం ఒకటి కాదు. ఏథెన్సు కోర్టు ఆ కుర్రవాళ్ళ కథంతా విన్నది, విని కూడా కొందరికి శిక్షలు వేసింది. దెబ్బ తిన్నవాడి బాధని తగ్గించి కొట్టినవాడి బాధని పెంచే కథ రాస్తే అది ద్రోహమే. నేను కోరేది మెట్లు చూపించమని. మొదటి రాత్రి సెంట్రీ డ్యూటీలో లోపలినుంచి వచ్చే అరుపులు విన్నవాడు ఆ పూట అన్నం తిన్నాడా? "మంచినీళ్ళు" అని ఖైదీ అడిగినప్పుడు ఎవరి ముఖం వైపు చూశాడు? అరెస్టు మెమోలో సమయం వెయ్యవలసిన చోట ఖాళీ వదిలెయ్యమన్నది ఎవరు? ఆ ఖాళీ మీద ఎంతసేపు పెన్ను ఆగింది? సెలవుకి ఇంటికొచ్చినప్పుడు తమ్ముడు అడిగితే ఏం చెప్పాడు? ఈ ప్రశ్నలకి జవాబు ఉపన్యాసంలో దొరకదు. కథలోనే దొరకాలి. రాజ్యం గురించి మనం చెప్పదలచినదంతా ఆ ఖాళీ గడిలో వుంది.

ఇంకొకటి కూడా వుండాలి. కాదన్నవాడు. మెమోలో సరైన సమయం వేసినందుకు బదిలీ అయినవాడు, "నేను కొట్టను సార్" అని నైట్ డ్యూటీలతో మూల్యం చెల్లించినవాడు. అతనూ మన సమాజంలో వుండదగ్గ మనిషే. అతన్ని రాయకపోతే, లోబడడం తప్ప మరో దారి లేదని మనమే కొత్తవాడికి చెప్పినట్టవుతుంది.

నెల తర్వాత ఆ విద్యార్థి తన కథ తిరగరాసి పంపాడు. ఎర్రకళ్ళు పోయాయి. కానిస్టేబులుకి ఒక పేరు వచ్చింది. రైతుని కొడుతున్న గది బయట అతను నిలబడి వుంటాడు, చేతిలో తాళంచెవులు. రైతు మాట్లాడే యాస తన మేనమామ యాసలా వుందని అతనికి తడుతుంది. లోపలికి రమ్మని ఎస్సై పిలుస్తాడు. కథ అక్కడ ఆగిపోయింది. ముగింపు సరిపోలేదు, ఇంకా రాయాలి అని నేను జవాబు రాశాను. కానిస్టేబులు తమ్ముడికి ఈ కథ చూపించి, ఆ తర్వాత ఏం జరుగుతుందో అతన్ని అడగమని కూడా రాశాను.